సోమవారం తీర్పు చెల్లదు

హైటెక్ సిటీ ఆఫీసు క్యాంటీన్లలో, ఫిల్మ్‌నగర్ చర్చల్లో, యూట్యూబ్ ఇంటర్వ్యూల్లో కొన్నేళ్ళుగా ఒక మాట వేదవాక్కులా చలామణి అవుతోంది. ఆడని సినిమాకు అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరే ‘కల్ట్’ అన్నది ఆ మాట. విడుదలైనప్పుడు జనం ఎగబడలేదు కాబట్టి లోపం సినిమాలోనే ఉందట. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత పుట్టుకొచ్చిన ప్రేమంతా పాత రోజుల మీద బెంగట. అదీ కాకపోతే, నలుగురిలో ప్రత్యేకంగా కనబడాలన్న సాఫ్ట్‌వేర్ కుర్రకారు సరదాయట. ఈ వాదన తప్పు. తప్పని చెప్పడానికి ‘క్షణక్షణం’ ఒక్కటి చాలు.

1991 అక్టోబర్ 9న వచ్చిన సినిమా అది. ‘శివ’ తీసి రెండేళ్ళకు రామ్‌గోపాల్ వర్మ తెలుగులో తీసిన రెండో చిత్రం. వెంకటేశ్, శ్రీదేవి జంట. ఎస్. గోపాల్‌రెడ్డి కెమెరా, కీరవాణి సంగీతం. ఒక ముఠా బ్యాంకు దోస్తుంది. ముఠాలో ఒకడు మిగతావాళ్ళను మోసం చేసి కోటి రూపాయలు దాచేస్తాడు. డబ్బు జాడ చెప్పే చీటీ ఫోటోల కవరులో చేరి, ఏ పాపమూ ఎరగని సత్య అనే ఉద్యోగిని చేతికొస్తుంది. ఇటు ముఠా, అటు పోలీసులు తరుముతుంటే ఆమె చందు అనే చిల్లర దొంగతో కలిసి పరుగు తీస్తుంది. ఆ పరుగులో, అడవి చీకట్లో, వాళ్ళిద్దరి మధ్య ప్రేమ పుడుతుంది. కథ ఇంతే. ఇది ‘శివ’లా ఆడలేదు. ‘శివ’లా పరిశ్రమ నడకను మార్చిన సినిమాగానూ దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. అయినా ముప్ఫై ఏళ్ళు దాటాక కూడా దీన్ని గుండెకు హత్తుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ప్రేమ నిజమైనదేనని, అదే ఈ సినిమా మీద సరైన తీర్పని నా వాదన.

అప్పుడెందుకు అందరికీ పట్టలేదో ముందు చూద్దాం. సైకిల్ చైను తెంపిన ‘శివ’ చూసినవాళ్ళు వర్మ నుంచి మళ్ళీ అలాంటి నిప్పునే ఆశించారు. 1990లో వచ్చిన ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’లో దేవకన్యగా దిగివచ్చిన శ్రీదేవిని చూసినవాళ్ళు మళ్ళీ ఆ వెలుగునే కోరుకున్నారు. అదే ఏడాది ‘బొబ్బిలి రాజా’లో అడవిని సొంత పెరడులా ఏలిన వెంకటేశ్‌ను చూసినవాళ్ళు ఇక్కడా అదే ధీమా ఉంటుందనుకున్నారు. 1991 మేలో ‘గ్యాంగ్ లీడర్’ హోరు రాష్ట్రమంతా మోగింది. ఇన్ని ఆశలు పెట్టుకుని హాల్లోకి వెళ్ళినవాళ్ళకు ఎదురైందేమిటి? మాటల గారడీతో బతికే హీరో, ఆకు కదిలినా ఉలిక్కిపడే హీరోయిన్, ఇద్దరికీ దారి తెలియని అడవి. చూసినవాళ్ళకు దొరికింది కోరుకున్నదానికంటే తక్కువదేమీ కాదు, వేరేది. ఆ తేడాను జీర్ణించుకోవడానికి జనానికి కాలం పట్టింది.

వసూళ్ళను చూపించి సినిమా విలువ తేల్చేవాళ్ళు మరిచిపోయేది ఇదే. మొదటి వారం టిక్కెట్టు కొనేవాడు సినిమా చూసి కొనడు. చూడకముందే కొంటాడు. హీరో పేరు, దర్శకుడి గత విజయం, పోస్టరు, పాటల క్యాసెట్టు, పండగ సెలవులు, పక్క థియేటర్లో ఏం ఆడుతోంది అన్న సంగతి, ఇవన్నీ కలిసి అతన్ని హాలుకు తెస్తాయి. కాబట్టి మొదటి వారం వసూలు చాలావరకు చూడకముందు పెట్టుకున్న ఆశను కొలుస్తుంది. పదేళ్ళకో పాతికేళ్ళకో అదే సినిమాను వెతుక్కుని మళ్ళీ చూసేవాడిది చూసిన తర్వాతి అభిప్రాయం. ఈ రెంటిలో సినిమా మీద తీర్పు అని దేన్ని అనాలి? ఏ సంగతిలోనైనా చూసినవాడి సాక్ష్యానికే విలువ ఎక్కువ.

ఆశకూ అనుభవానికీ మధ్య ఉండే ఆ కాస్త వ్యవధి కూడా ఇప్పుడు కరువైంది. అమెరికాలో ప్రీమియర్ చూసినవాళ్ళ మాట మాదాపూర్, గచ్చిబౌలి ఫోన్లకు చేరేసరికి ఇక్కడ తొలి ఆట కూడా పడదు. శుక్రవారం మధ్యాహ్నానికి ‘టాక్’ వచ్చేస్తుంది. సోమవారం ఉదయం టిక్కెట్ల బుకింగ్ పడిపోతే సినిమాను పాతిపెట్టేస్తారు. ఇంత తొందరగా తీర్పు చెప్పే అలవాటు పడ్డ చోట, తాపీగా వచ్చే ప్రేమ అనుమానంగానే కనిపిస్తుంది. తప్పు ఆ తొందరది.

ఇక బెంగ సంగతి. ‘క్షణక్షణం’ వచ్చిన ఏడాదికి హైటెక్ సిటీయే లేదు. సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్ 22న. అంతకుముందు అక్కడ రాళ్ళగుట్టలు, పొలాలు. ఈరోజు ఆ అద్దాల భవనాల్లో పనిచేస్తున్న ఇరవై అయిదేళ్ళ వాళ్ళెవరూ 1991 నాటికి పుట్టలేదు. వాళ్ళకు ఈ సినిమాతో ముడిపడ్డ చిన్ననాటి థియేటర్ జ్ఞాపకం ఉండే వీలే లేదు. టీవీలోనో, చిన్న తెర మీదో, ఎవరో చెబితేనో వాళ్ళంతట వాళ్ళు కనుక్కున్నారు. తాము బతకని కాలం మీద ఎవరికీ బెంగ ఉండదు. వాళ్ళు ప్రేమించింది తెర మీద ఉన్నదాన్నే.

తెర మీద ఏముంది? అందరికంటే ముందు సత్య ఉంది. మన సినిమాల్లో నేరాన్ని హీరో ఛేదిస్తాడు, హీరోయిన్ ఆ నేరానికి బలవుతుంది. ఇక్కడ కథంతా సత్య భయం మీద నడుస్తుంది. చేయని తప్పుకు చిక్కుకున్న మామూలు ఉద్యోగిని, పక్కనున్న మగవాణ్ణి నమ్మాలో లేదో తెలియని ఆడపిల్ల. ఆమె ఏడుస్తుంది, దేవుణ్ణి పిలుస్తుంది, విసుక్కుంటుంది, పోట్లాడుతుంది. ఆ భయాన్ని సినిమా ఎగతాళి చేయదు, ఆమె తెలివిని తక్కువా చేయదు. కొండాపూర్‌లో, మాదాపూర్‌లో హాస్టల్ గదుల్లో ఉంటూ, రాత్రి షిఫ్టు ముగించి క్యాబ్ ఎక్కగానే ఎక్కడున్నదీ ఇంటికి ఫోన్లో పంపే అమ్మాయిలకు సత్య పరాయిది కాదు. ఊరు కాని ఊళ్ళో ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల కథ 1991లో ఎంతమందికి సొంతమైందో గానీ, ఈ ఐటీ కారిడార్‌లో మాత్రం వేలమందిది. సినిమాలో ఒక్క అక్షరం మారలేదు. దానికి సరైన ప్రేక్షకులు తర్వాత వచ్చారు.

శ్రీదేవి ఉంటే ఎవరైనా ప్రేమిస్తారులే అనేవాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. నంద్యాలలో ఈ సినిమా చివరి సన్నివేశాలు తీస్తున్నప్పుడు ఆమెను చూడ్డానికి ఊరు ఊరంతా కదిలొచ్చి బ్యాంకులు, బడులు, ఆఫీసులు మూతపడ్డాయని వర్మ రాశారు. అంతటి తారను తెర మీద జుట్టు చెదిరి, బట్టలు మాసి, దారి తప్పిన సామాన్యురాలిగా నిలబెట్టడానికి దర్శకుడికి తెగువ కావాలి, నటికి అంతకంటే ఎక్కువ కావాలి. ఆ నటనకు ఆమె ఉత్తమ నటిగా నంది అందుకుంది. ఇక రెండోది. కేవలం ఆమె పేరే కారణమైతే, అదే దర్శకుడు 1994లో నాగార్జునతో, ఆమెతో తీసిన ‘గోవిందా గోవిందా’ మీద కూడా ఇంతే మమకారం ఉండాలి. అదీ నేరమూ ప్రేమా కలిసిన కథే. దాన్నీ ఇష్టపడేవాళ్ళున్నారు గానీ ఈ స్థాయిలో లేరు. కాబట్టి పట్టు పేరులో లేదు, పనితనంలో ఉంది.

ఈ సినిమా శ్రీదేవికి తాను రాసుకున్న ప్రేమలేఖ అని వర్మ చెప్పుకున్నారు. ఒక మనిషి వ్యామోహమే కదా ఇదంతా అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. ఒక మనిషి వ్యామోహం నుంచి పుట్టింది కాబట్టే ప్రతి సన్నివేశం మీదా అంత శ్రద్ధ కనిపిస్తుంది. పుట్టుక ఏదైనా, కొలవాల్సింది చేతికొచ్చిన పంటను.

చందు, సత్యల ప్రేమనే చూడండి. తొలిచూపులోనే మనసు పారేసుకోవడం ఇక్కడ లేదు. వెంటపడి వేధించడమూ లేదు. ఇద్దరూ ప్రాణభయంతో ఒకరి పక్కన ఒకరు నడుస్తారు. మాటామాటా అనుకుంటారు. ఆకలి, నిద్ర, చలి, అపాయం పంచుకుంటారు. నమ్మకం పుట్టాకే ప్రేమ పుడుతుంది. నాటి కమర్షియల్ సినిమాలో ఇంత మర్యాదగా ప్రేమను కట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ‘జాము రాతిరి’ పాటనూ ఈ వరసలోనే వినాలి. సిరివెన్నెల రాస్తే బాలు, చిత్ర పాడిన ఆ పాట అడవిలో భయపడుతున్న మనిషిని నిద్రపుచ్చే జోలపాట. ఎక్కడో విదేశీ కొండల మీద ఎగిరి మళ్ళీ కథలోకి దిగే పాట కాదది. పాట ముగిసేసరికి ఇద్దరి మధ్య దూరం తగ్గి ఉంటుంది, అంటే కథ ఒక అడుగు ముందుకు పడి ఉంటుంది. పాటల వల్లే ఈ సినిమా నిలిచిందనేవాళ్ళు ఆ పాటలు సినిమాలో భాగమన్న సంగతి మరిచిపోతారు.

1990లో ‘మనసు మమత’తో మొదలైన కీరవాణికి నిలదొక్కుకునే మలుపు ఇచ్చింది ఈ సినిమాయే. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకున్నాక ఆయన తన తొలి ఆస్కార్ రామ్‌గోపాల్ వర్మేనని అన్నారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టాక కూడా ఆయన మరిచిపోనిది ఈ అవకాశాన్నే. పరేశ్ రావల్ వేసిన ముఠా నాయకుడు నాయర్ పాత్రనూ మరిచిపోలేం. నవ్విస్తూనే వణికించే విలనీ అది. పోలీసు అధికారిగా రామిరెడ్డి పక్కనుంటే ఆ కథలో చట్టానికీ నేరానికీ మధ్య సత్య ఎంత ఒంటరిదో తెలుస్తుంది.

ఎదుటివాళ్ళ వాదనలో ఒప్పుకోవాల్సినదీ ఉంది. కల్ట్ అన్న మాటను ఈమధ్య ఎడాపెడా వాడేస్తున్నారు. 2022 ఆగస్టులో ‘పోకిరి’తో ఊపందుకున్న రీరిలీజుల వరసలో హీరో పుట్టినరోజుకు కాగితాలు ఎగరేయడమే పండగైన ఆటలు చాలా ఉన్నాయి. అక్కడ జనం వచ్చేది హీరో కోసం. 2010లో నిరాశపరిచిన ‘ఆరెంజ్’, ‘ఖలేజా’ల దగ్గర మాత్రం ఈ రెండు రకాల ప్రేమా కలిసిపోయి ఉంటుంది, విడదీయడం కష్టం. అందుకే ఒక గీటురాయి కావాలి. హీరో పేరూ పుట్టినరోజూ పక్కన పెట్టినా సినిమా మీద ఇష్టం నిలబడుతుందా? ‘క్షణక్షణం’ అభిమానులకు సంఘం లేదు, కటౌట్ లేదు, పాలాభిషేకం లేదు. పోటీ హీరో అభిమానులను ఓడించాలన్న పంతం అంతకన్నా లేదు. ఎవరికి వారుగా చూసి, ఇంకొకరికి చెప్పి, అలా ముప్ఫై ఏళ్ళకు పైగా మోసుకొచ్చారు. ఇంతకంటే స్వార్థం లేని సాక్ష్యం సినిమాకు దొరకదు.

డబ్బు పెట్టినవాడి కష్టమూ నిజమే. ఏళ్ళ తర్వాత వచ్చిన ప్రేమ నిర్మాత అప్పు తీర్చదు, బయ్యర్ నష్టం పూడ్చదు. వ్యాపారంగా చూస్తే మొదటి వారమే ముఖ్యమని వాళ్ళు అనడంలో తప్పులేదు. అది పెట్టుబడి లెక్క. ఆ లెక్కను తీసుకొచ్చి కళకు విలువ కట్టడంతోనే నాకు పేచీ.

పేచీ ఎందుకంటే, ఆ లెక్క వల్ల నష్టపోయేది మనమే. నేరం, హాస్యం, ప్రేమ ఒకే దారంలో కూర్చిన తోవను ‘క్షణక్షణం’ ధైర్యంగా పట్టింది. ఆ తర్వాత ఆ తోవలో ‘మనీ’ వచ్చింది, ‘అనగనగా ఒక రోజు’ వచ్చింది. చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’, ‘అనుకోకుండా ఒక రోజు’ తీశారు. ‘స్వామి రా రా’, ‘భలే మంచి రోజు’, ‘బ్రోచేవారెవరురా’ వచ్చాయి. పెద్ద హంగులు లేకుండా తెలివిని నమ్ముకున్న ఈ సినిమాలనే ఈ కారిడార్ ప్రేక్షకులు నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆడలేదు కాబట్టి తప్పు అని ప్రతి దర్శకుడూ నమ్మి ఉంటే ఈ తోవ 1991లోనే గడ్డి మొలిచి మూసుకుపోయేది.

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. 2025 జనవరిలో వర్మ హిందీ చిత్రం ‘సత్య’ మళ్ళీ థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ‘శివ’ను 4కెలో, కొత్త శబ్దంతో అన్నపూర్ణ వారు తెచ్చారు. జాతీయ ఫిల్మ్ వారసత్వ మిషన్ కింద 2,200 సినిమాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయిస్తున్నట్టు కేంద్రం 2022 మేలో ప్రకటించింది. దారులున్నాయి. హక్కులున్నవాళ్ళు పూనుకుని ‘క్షణక్షణం’ నెగెటివ్‌ను కాపాడి, గోపాల్‌రెడ్డి పట్టిన అడవి చీకటిని అది ఉండాల్సినంత పెద్ద తెర మీద చూపించాలి. ఏ హీరో పుట్టినరోజునూ అడ్డం పెట్టుకోకుండా, సినిమా పేరు మీదే ఆట వేయాలి. గచ్చిబౌలిలో ఏఎంబీ మల్టీప్లెక్స్ ఉంది, ఆ చుట్టుపక్కల ఇంకా బోలెడు తెరలున్నాయి, చూసేవాళ్ళు నడిచి వచ్చేంత దగ్గర్లో ఉన్నారు.

కల్ట్ అన్న మాట నచ్చకపోతే వదిలేయండి. ఆ ప్రేమను మాత్రం జాలి అనకండి, బెంగ అనకండి, సరదా అనకండి. ఎవరూ బలవంతం చేయకుండా, ఎవరికీ లాభం లేకుండా, ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరిన ఇష్టమది. సోమవారం తీర్పును కొట్టేసే అధికారం ఆ ఇష్టానికే ఉంది. ‘క్షణక్షణం’ విషయంలో అది ఎప్పుడో కొట్టేసింది.