ప్లాస్టిక్‌లో మోస్తున్నది నీళ్లనే

హైదరాబాద్‌లో ఆబిడ్స్‌కీ నాంపల్లికీ దగ్గర్లోనే, 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్లో, అత్తరు కొనే పద్ధతి వేరు. పెద్ద గాజు సీసా మూత తీసి, మణికట్టు మీద ఒక చుక్క రాసి వాసన చూపిస్తారు. నచ్చితే తులం లెక్కన చిన్న సీసాలోకి పోస్తారు. అయిపోతే అదే సీసా పట్టుకెళ్లి మళ్లీ పోయించుకోవచ్చు.

జపాన్‌లో షాంపూ ఇంచుమించు ఇలాగే అమ్ముడుపోతుంది. కావ్ వంటి కంపెనీలు 1990లలోనే పలచని రీఫిల్ సంచులు తెచ్చాయి. సంచి కొనుక్కుని ఇంట్లో సీసా నింపుకుంటారు. మనకూ ప్యాకెట్టు ఉందిగా అంటారేమో. కడలూరు నుంచి 1983లో బయల్దేరిన చిక్ లాంటివి పేదింటికి షాంపూ తెచ్చిన మాట నిజమే. కానీ మన ప్యాకెట్టు సీసాను నింపదు, ఒక్క తలంటుతో చెత్తలో పడుతుంది. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుపోయిన ఆ ముక్కను చిత్తుకాగితాలు ఏరేవాళ్లు కూడా ముట్టుకోరు.

మరి షాంపూనీ డ్రమ్ములోంచి పోసి అమ్మితే? తంటా అక్కడే. షాంపూలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లుంటే సూక్ష్మజీవులు చేరతాయి, అందుకే అందులో ప్రిజర్వేటివ్ కలుపుతారు. సరిగా కడగని సీసాలో పోస్తే ఆ కాపలా ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ పూచీపడలేరు. పైగా లేబుల్ మీద బ్యాచ్ నంబరు, గడువు ఉండాలంటాయి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్. డ్రమ్ములో పాతా కొత్తా కలిస్తే ఏ బ్యాచ్ అని రాస్తారు? అత్తరుకు సూక్ష్మజీవుల బెడద లేదు, అందులో నీళ్లుండవు కనుక.

కాబట్టి జపాన్ సంచి కంటే ఇంగ్లండ్ బిళ్లే మనకు పనికొస్తుందని నా లెక్క. అక్కడి కాస్మెటిక్స్ కంపెనీ లష్ స్థాపకుల్లో ఒకరైన మో కాన్‌స్టంటైన్ 1980ల చివర్లోనే షాంపూని గట్టి బిళ్లగా చేశారు. నీళ్లు మన కుళాయివే. కాగితం చుడితే చాలు. మనకిది మరీ కొత్తేం కాదు: అంబర్‌పేట జిందా తిలిస్మాత్ వారి ఫారూఖీ పళ్లపొడి, ఇంట్లో సీకాయ పొడి నీళ్లు లేని సరుకులేగా.

అలాగని అత్తరును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అత్తరు తయారయ్యే కన్నౌజ్‌లో, డేగులనే రాగి బట్టీపాత్రల్లోంచి పూల ఆవిరి చందనం నూనెలోకి దిగేది. చందనం ఖరీదై, చాలా అత్తర్లకు ఇప్పుడు లిక్విడ్ పారఫిన్ ఆధారం, అంటే పెట్రోలియం సరుకే. మొజంజాహీకి వెళ్తే వాసనతో పాటు అదీ అడగండి: చందనం మీద దింపిందా, పారఫిన్ మీదా?