బెల్టుకు ఊరితో పనేమిటి?

ఏ ఎండకు ఆ గొడుగు పట్టడంలో మన తెలుగువారిని మించినవారు లేరని నా నమ్మకం. జర్మనీకి వచ్చిన ఆర్నెల్లకే ఆదివారం గోడకు మేకు కొట్టకూడదని, ఖాళీ సీసాలను రంగుల వారీగా వేర్వేరు డబ్బాల్లో వెయ్యాలని, రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా ఎర్రదీపం వెలుగుతుంటే నిలబడాలని నేర్చేసుకుంటాం. కారెక్కగానే సీటు బెల్టు పెట్టుకోవడం, పిల్లల్ని వాళ్ళ కుర్చీలో కూర్చోబెట్టి కట్టడం కూడా అలా అలవడినవే. మెచ్చుకోవలసిన సంగతే.

అయితే అదే మనం సెలవులకు ఇంటికి వెళ్ళి శంషాబాదులో విమానం దిగుతాం. బంధువులు పంపిన ఏడుగురు పట్టే బండిలో సామానుతో కలిపి తొమ్మిదిమందిమి సర్దుకుంటాం. నాలుగేళ్ళవాడు ముందుసీట్లో మామయ్య ఒళ్ళో, ఏడాది పిల్ల వెనక అమ్మమ్మ ఒళ్ళో. వెనకసీటు బెల్టుల కొక్కేలు సీటు కవరు కింద ఎక్కడో దాక్కుని ఉంటాయి. వెతకబోతే డ్రైవరు నవ్వి, "వెనకవాళ్ళకి బెల్టెందుకు సార్, ఇక్కడెవరూ పట్టుకోరు" అంటాడు. మనమూ నవ్వి ఊరుకుంటాం. స్టుట్‌గార్టులో రెండు కిలోమీటర్ల దూరంలోని బడికి కట్టుకుని వెళ్ళిన పిల్లవాడు, హైదరాబాదు నుంచి విజయవాడ దాకా కట్టు లేకుండా ప్రయాణం చేస్తాడు.

ఇక్కడే నాకొక అనుమానం వస్తుంది. మనం ఇక్కడ బెల్టు పెట్టుకుంటున్నది బిడ్డ కోసమా, పోలీసు కోసమా? ఇక్కడ కట్టు లేని పిల్లవాణ్ణి కారులో ఎక్కించుకుంటే డ్రైవరుకు 60 యూరోల జరిమానా, దానితోపాటు ఫ్లెన్స్‌బుర్గ్ ఖాతాలో ఒక పాయింటు. ఎనిమిది పాయింట్లు చేరితే లైసెన్సే పోతుంది. భయం మంచిదే, కాదనను. కాని భయం మీద ఆధారపడిన అలవాటు సరిహద్దు దాటగానే ఊడిపోతుంది. బెల్టు చెయ్యవలసిన పని మాత్రం ఏ దేశంలోనైనా ఒక్కటే.

నేను కార్ల పరిశ్రమలో పనిచేసే ఇంజనీరుని. కనుక ఆ పనేమిటో కాస్త లెక్కతో చెబుతాను, విసుక్కోకండి. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి దేన్నయినా గుద్దుకుంటే, లోపలివారి పరిస్థితి దాదాపు 10 మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడమీదనుంచి కింద పడ్డట్టే. గుద్దుకున్నప్పుడు కారు ముందుభాగం నలుగుతుంది. ఆ నలిగే దూరం 60 సెంటీమీటర్లనుకుందాం. బెల్టు ఉన్న మనిషి కారుతోపాటు ఆ 60 సెంటీమీటర్లలో నెమ్మదిస్తాడు. బెల్టు లేని మనిషి కారు ఆగినా ఆగడు. అదే 50 కిలోమీటర్ల వేగంతో ముందుకు వెళ్ళి అద్దాన్నో, స్టీరింగునో, ముందుసీట్లో ఉన్న మనిషి వీపునో కొట్టుకుంటాడు.

ఇక ఒళ్ళో పిల్ల సంగతి. "తల్లి ఒడికన్నా భద్రమైన చోటేముంది?" అని మన పెద్దలంటారు. లోకంలో మిగతా విషయాలన్నిటికీ అది నిజమే కావచ్చు. కాని అదే 60 సెంటీమీటర్లలో కారు ఆగితే, 10 కిలోల బిడ్డ బరువు ఆ క్షణంలో పదహారు రెట్లవుతుంది. అంటే 160 కిలోలు. రెండు బియ్యం బస్తాలను ఎవరో మన చేతుల్లోంచి హఠాత్తుగా లాగినట్టు. ఏ తల్లి ప్రేమా, ఏ తండ్రి కండబలమూ దాన్ని ఆపలేవు. పైగా తల్లికే బెల్టు లేకపోతే, ఆమె బరువు కూడా బిడ్డమీదే పడుతుంది. ఇద్దర్నీ కలిపి ఒకే బెల్టుతో చుడితే మరీ ప్రమాదం. తల్లి బరువుకూ బెల్టుకూ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

నా శ్రీమతి పిల్లల డాక్టరు. ఆమె తరచు చెప్పే మాట ఒకటుంది. పసిబిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. పుట్టినప్పుడు శరీరం పొడవులో నాలుగోవంతు తలే ఉంటుంది. మెడ కండరాలకు బలం చాలదు. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే, గుద్దుకున్నప్పుడు ఆ తల ముందుకు విసురుకుని మెడ తట్టుకోలేదు. అందుకే పసివాళ్ళను వెనకకు తిప్పి కూర్చోబెట్టాలి. అప్పుడు ఆ దెబ్బను వీపూ తలా కుర్చీ మీద సమంగా పంచుకుంటాయి. ఐరోపాలో 2013లో వచ్చిన ఐ-సైజ్ ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా ఇలా వెనకకే కూర్చోబెట్టాలి. కాస్త పెద్ద పిల్లలకు పెద్దల బెల్టు పెడితే, కింది పట్టీ తుంటి ఎముకమీద కాక మెత్తని పొట్టమీదికి, పై పట్టీ భుజంమీద కాక మెడమీదికి వస్తాయి. ఎత్తుకుర్చీ అవసరమయ్యేది అందుకే. 150 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేదాకా, లేదా పన్నెండేళ్ళు నిండేదాకా అది ఉండాలని 1993 ఏప్రిల్ 1 నుంచి జర్మనీలో చట్టం.

సరైన కుర్చీ వాడితే ప్రమాదాల్లో శిశుమరణాలు 70 శాతానికి పైగా తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత ఫలితమిచ్చే మందు ఏదైనా ఉంటే మనం బారులు తీరి కొనుక్కోమా?

"జర్మన్లకు క్రమశిక్షణ రక్తంలోనే ఉంది, మనకెక్కడిది?" అని కొందరంటారు. ఇది చరిత్ర తెలియని మాట. స్వీడన్‌లో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు 1959లో వోల్వో కంపెనీ కోసం మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టును రూపొందించాడు. అంతకుముందు ఆయన యుద్ధవిమానాల సీట్లు తయారుచేసినవాడు. వోల్వో ఆ పేటెంటును అందరూ వాడుకోవడానికి వదిలేసింది. పశ్చిమ జర్మనీలో ముందుసీట్ల బెల్టు 1976 జనవరి 1న తప్పనిసరి అయింది కాని, జరిమానా పెట్టలేదు. అప్పుడు జర్మన్లేమన్నారో తెలుసా? కారుకు నిప్పంటుకుంటే బెల్టులో చిక్కుకుని కాలిపోతామన్నారు. నీళ్ళలో పడితే మునిగిపోతామన్నారు. మా కారులో మేమెలా కూర్చుంటే ప్రభుత్వానికేమన్నారు. "ముందు బెల్టు, తర్వాతే స్టార్టు" అన్న అర్థం వచ్చే నినాదాలతో ఎంత ప్రచారం చేసినా చాలామంది వినలేదు. చివరికి 1984 ఆగస్టు 1న 40 మార్కుల జరిమానా పెట్టాక, బెల్టు పెట్టుకునేవారు కొద్దికాలంలోనే 90 శాతం దాటారు. 1970లో రెండు జర్మనీలూ కలిపి రోడ్లమీద 21,332 మంది చనిపోతే, 2024లో ఆ సంఖ్య 2,770. ఇందులో మంచి రోడ్లకు, మంచి కార్లకు, మంచి వైద్యానికి కూడా భాగముంది. బెల్టుకున్న భాగం చిన్నది మాత్రం కాదు. రక్తంలో ఉన్న క్రమశిక్షణ కాదిది, నలభై మార్కులు నేర్పిన క్రమశిక్షణ. వాళ్ళు నేర్చుకోగలిగినది మనమూ నేర్చుకోగలం.

మన దేశంలో చట్టం లేదనుకోవడమూ పొరపాటే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలో బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల కుర్చీగాని ఉండాలని అదే చట్టం చెబుతోంది. వెనకసీటువారికీ నిబంధన ఉంది. లేనిది పాటింపు. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో డ్రైవర్లు ఎందరో, దాదాపు అందరు ప్రయాణికులు.

అంకెలు మనసుకు ఎక్కకపోతే, మనకు తెలిసిన పేర్లు గుర్తు చేసుకుందాం. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్ళగడ్డ తిరిగి వెళ్తూ శోభా నాగిరెడ్డి గారు బండి పల్టీలు కొట్టగా బయటికి విసిరివేయబడి, మర్నాడు కన్నుమూశారు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ గారు అదేవిధంగా బండిలోంచి పడిపోయి మరణించారు. ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని అప్పటి వార్తలు. 2022 సెప్టెంబరు 4న ముంబైకి వెళ్ళే దారిలో పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ పోయారు. ఆ కారులో ముందుసీట్లలోని ఇద్దరూ గాయాలతో బతికారు. బెల్టు లేకుండా వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు. ఖరీదైన కారు, మంచి రోడ్డు, కారులో బెల్టు, అన్నీ ఉన్నాయి. పోయినవారిని తప్పుపట్టడానికి ఇవి చెప్పడం లేదు. వెనకసీటు భద్రమన్న మన నమ్మకం ఎంత ఉత్తదో చూపడానికి చెబుతున్నాను.

దీనికి మన ఇళ్ళలో వినపడే జవాబులు నాకు తెలుసు. "మేమంతా అంబాసిడర్ కారులో పదిమందిమి ఎక్కి తిరిగినవాళ్ళమే, ఏమైంది?" అన్నది మొదటిది. ఏమైనా అయినవాళ్ళు ఈ మాట చెప్పడానికి మన మధ్య లేరు కదా! పైగా ఆ రోజుల్లో గతుకుల రోడ్డుమీద నలభై దాటని బండ్లవి. నేడు నాలుగు వరసల రహదారి మీద నూరు దాటుతున్నాం. "ఆయుష్షు గట్టిగా ఉంటే ఏమీ కాదు" అన్నది రెండవది. అలా అనే పెద్దలే రక్తపోటు మాత్ర ఒక్కరోజు కూడా మానరు. ఆయుష్షు దేవుడిచ్చినదే అయినా, దాన్ని కాపాడుకునే పని మనకే వదిలాడు.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ కుర్చీలో కట్టేస్తారేమిటే అమ్మాయ్, ఇలా నా ఒళ్ళో ఇవ్వు" అన్నది మూడవది. అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. ఎందుకంటే ఇది మొండితనం కాదు, ప్రేమ. మనవరాలిని ఎత్తుకోవడానికి మూడు నెలల వీసామీద అంతదూరం వచ్చిన అత్తగారితో వాదించడం ఏ కోడలికైనా కష్టమే. అందుకే ఆ మాట కోడలిచేత చెప్పించకండి. కొడుకులు, అల్లుళ్ళు చెప్పాలి. అదీ కారు కదిలాక కాదు, ఇంట్లో కాఫీ తాగేటప్పుడు. "అత్తయ్యగారూ, ఏడిస్తే కారు పక్కకు ఆపుదాం, మీరే ఎత్తుకుందురుగాని. కదిలే కారులో మాత్రం వద్దండీ" అంటే ఏ పెద్దవారైనా అర్థం చేసుకుంటారు. ఇక్కడ పుట్టిన మన బిడ్డ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేది కారు తొట్టెలోనే. అంటే ఉయ్యాల వేడుకకన్నా ముందు ఎక్కే ఉయ్యాల అది. అలా చెప్పి చూడండి.

జర్మనీలో మాత్రం మనం అంతా సవ్యంగా ఉన్నామా? మన పండుగ సభలు ముగిసే వేళ కార్ల దగ్గర నిలబడి చూడండి. రాత్రి పదకొండు దాటింది, చివరి రైలు పోయింది, ఇద్దరు పిల్లలున్న కుటుంబం చలిలో నిలబడి ఉంది. "రండి, సర్దుకుందాం" అని పిలవడం మన సంస్కారం. కాని ఆ సర్దుబాటులో ముందుగా కట్టు తప్పేది చిన్నపిల్లలే. చలికాలంలో ఇంకొకటి. లావుపాటి కోటుమీద పట్టీ బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది గాని, ప్రమాదంలో ఆ కోటు నలిగి పట్టీ వదులవుతుంది, బిడ్డ జారిపోతుంది. కోటు విప్పి, పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పండి. ముందుసీటు ఎయిర్‌బ్యాగు పనిచేస్తుండగా అక్కడ వెనకకు తిప్పిన తొట్టె పెట్టడం ప్రాణాంతకం, చట్టవిరుద్ధం కూడా.

చివరగా మన సంఘానికి నావి మూడు విన్నపాలు. మొదటిది, పిల్లలు ఎదిగిపోగా అటకమీద పడి ఉన్న కుర్చీలను సేకరించి, కొత్తగా వచ్చే కుటుంబాలకూ సెలవులకు వచ్చే బంధువులకూ ఎరువివ్వడం. అయితే ప్రమాదానికి గురైన కుర్చీ వద్దు. పాత ప్రమాణం కుర్చీ అయితే నారింజరంగు చీటీమీది ఆమోద సంఖ్య 03 లేదా 04తో మొదలవ్వాలి. రెండవది, సభకు వచ్చేవారి పేర్లు రాసుకునేటప్పుడే ఎవరి కారులో ఎన్ని సీట్లున్నాయి, ఎందరు పిల్లలకు కుర్చీ కావాలి అని కూడా రాసుకోవడం. భోజనాల లెక్క అంత శ్రద్ధగా తీస్తున్నవాళ్ళం, ఈ లెక్క తియ్యలేమా? మూడవది సభ్యులకు. ఇండియా వెళ్ళేటప్పుడు కుర్చీ వెంట తీసుకెళ్ళండి. చాలా విమాన సంస్థలు దాన్ని అదనపు రుసుము లేకుండా తీసుకుంటాయి, టిక్కెట్టు కొనేటప్పుడే కనుక్కోండి. అద్దెబండి మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా అని అడిగినట్టే వెనక బెల్టులు పైకి తీసి ఉన్నాయా అని అడగండి. తొమ్మిదిమంది ఉంటే రెండు బండ్లు మాట్లాడండి. మనం అక్కడ అలా చేస్తే, మొదటిసారి నవ్వే మేనమామ రెండోసారి తన పిల్లలకూ ఒక కుర్చీ కొంటాడు. జర్మనీ నుంచి చాక్లెట్లు, సెంటు సీసాలు మోసుకెళ్తూనే ఉన్నాం. మోసుకెళ్ళదగిన అలవాటు ఇదొక్కటైనా ఉండనివ్వండి.

ఉగాది పచ్చడిలో చేదు వేపపువ్వును పిల్లలచేత బుజ్జగించి తినిపిస్తాం, మేలుచేస్తుందని. కాసేపటి బెల్టు ఇరుకు అంతకన్నా చేదేమీ కాదు. కొత్త సంవత్సరంలో మీరంతా, మీ పిల్లలంతా ఏ దేశంలో ఏ దారిన బయలుదేరినా క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటూ, అందరికీ ఉగాది శుభాకాంక్షలు.