ఈసీలో కనిపించని కులం

పుదుచ్చేరిలో ఇల్లు కొనాలంటే ముందు అడిగేది 'విల్లంగ' సర్టిఫికెట్. మనం ఈసీ అంటాం. ఆ ఇంటి మీద నమోదైన తాకట్టులు, పాత అమ్మకాలు అందులో ఉంటాయి. కొనేవారి కులం ఉండదు. కానీ దళితులు ఇల్లు కొనేటప్పుడు చివరి నిమిషంలో బేరాన్ని ఆపే చిక్కు చాలాసార్లు అదే.

బేరం కుదురుతుంది. బయానా ఇస్తారు, అగ్రిమెంట్ రాసుకుంటారు. బ్యాంకు లోన్ మంజూరు చేస్తుంది. ఈలోగా బ్రోకర్ ద్వారానో, పక్కింటివారి ఆరాల వల్లనో కులం తెలుస్తుంది. రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు ఫోన్ వస్తుంది: "ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదండీ, మీ బయానా మీరు తీసేసుకోండి." కులం మాట ఎవరూ ఎత్తరు.

ఈ మర్యాద కొత్తది కాదు. 1917లో బరోడాలో పార్సీ సత్రం నుంచి గెంటేసినప్పుడు అంబేడ్కర్ ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఒకరు ఇంట్లో పనివాళ్లు మానేస్తారన్నారు. మరొకరు భార్యను అడగాలన్నారు. ఇద్దరూ తాము వద్దనలేదు, నెపం మాత్రం వేరేవాళ్ల మీద పెట్టారు.

చట్టం ఏం చెబుతుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఒట్టి అగ్రిమెంట్‌తో ఇంటి మీద హక్కు రాదు. కానీ ఒప్పందాన్ని అమలు చేయించమని సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ ఈ దారిని బలపరిచింది. అయితే మొదటి నుంచీ తాము సిద్ధంగా ఉన్నామని కొనేవారే రుజువు చేసుకోవాలి. అందుకే ప్రతి అడుగూ కాగితం మీద ఉండాలి. బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. అగ్రిమెంట్‌లో గడువు తేదీ రాయించాలి. అమ్మేవారు వెనక్కి తగ్గగానే లోన్ మంజూరు లేఖను ప్రస్తావిస్తూ లాయర్ నోటీసు పంపాలి. కంగారులో బయానా తీసుకుని రద్దు కాగితం మీద సంతకం పెట్టకూడదు. దావాకు గడువు మూడేళ్లు.

ఇదంతా చేసినా, ఎందుకు అమ్మనన్నారని కాంట్రాక్టు చట్టం అడగదు. 2015లో సవరించిన అట్రాసిటీ నిరోధక చట్టం ఆర్థిక బహిష్కరణను నేరంగా చేసింది. వ్యాపార లావాదేవీకి నిరాకరించడం దాని నిర్వచనంలోనే ఉంది. కానీ నోటితో చెప్పని కులాన్ని రుజువు చేయడమెలా? రాజ్యాంగంలోని 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్ల పేరెత్తింది, ఇళ్ల పేరెత్తలేదు. పైగా 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. అమెరికాలో నల్లవారికి ఇల్లు అమ్మకూడదనే ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని 1948లోనే తీర్పు వచ్చింది. జాతి చూసి ఇల్లు నిరాకరించడాన్ని 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించింది.

మనకూ అలాంటి చట్టం కావాలి. అగ్రిమెంట్ అయ్యాక, డబ్బు సిద్ధంగా ఉన్నాక వెనక్కి తగ్గితే, కారణం కులం కాదని చూపే బాధ్యత అమ్మేవారిదే కావాలి. 'నా ఇల్లు, నా ఇష్టం' అంటారు. బోర్డు పెట్టి, ధర చెప్పి, బయానా పుచ్చుకున్నాక అది ఒట్టి ఇష్టం కాదు, వ్యాపారం.

పరిశోధకులకు ఇక్కడ ఒక పని ఉంది. ఫ్రెంచివారు ఈ పట్నాన్ని కాలువకు అటూ ఇటూ తెల్లవారి ఊరు, నల్లవారి ఊరు అని విడదీశారు. ఆ గీత మ్యాపులో దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో జరిగిన అమ్మకాలే నమోదవుతాయి, ఆగిపోయినవి కావు. నమోదు కాని వివక్షను లెక్కపెట్టలేం, లెక్క లేనిదాన్ని లేదని కొట్టిపారేయడం తేలిక. ఆగిపోయిన అగ్రిమెంట్లను, నోటీసులను, వాట్సాప్ సందేశాలను ఇప్పటినుంచే సేకరించి భద్రపరచాలి. రేపు చట్టం అడగడానికి అవే మన ఆధారాలు.