బూజుపట్టిన కాయ యెవరి పాలు?

వేరుసెనగ కళ్ళమున మన తీరపు రైతు చేయు పంపకమును నేను చాల యేండ్లుగా చూచుచున్నాను. బలిసిన కాయ గోతములకెక్కి వర్తకుని బండికి పోవును. తాలుకాయ, పగిలిన కాయ, వానకు తడిసి నలుపెక్కిన కాయ ఒక మూల కుప్పగా మిగులును. ఆ కుప్పలో కొంత గానుగకు, కొంత పచ్చడికి, కొంత పిల్లల చేతులలోనికి పోవును. గానుగలో మిగిలిన చెక్క పాడిగేదెకు పెట్టుదురు. కష్టించి పండించిన గింజను పారవేయుటకు ఇల్లాలికి చేతులు రావు. ఆమెను తప్పుపట్టను. అయినను ఆ కుప్పకును మన కాలేయమునకును గల సంబంధము పలువురు సభ్యులకు తెలియదు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కామెరలు పుట్టించు వైరసులు పెక్కు గలవు. నీటివలనను ఆహారమువలనను వచ్చు ఏ, ఈ రకములు సాధారణముగ కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. ఈ రకము గర్భిణులకు మాత్రము మిక్కిలి ప్రమాదకరము. మన యూళ్ళలో పసరుమందులకు వచ్చిన కీర్తిలో అధికభాగము ఇందువలన వచ్చినదే యని నా యభిప్రాయము. బీ రకము అట్టిది కాదు. అది రక్తము ద్వారా, సంభోగమువలన, ప్రసవ సమయమున తల్లినుండి బిడ్డకు, ఒకరికి వాడిన సూదియో మంగలికత్తియో మరియొకరికి వాడుటవలన అంటును. ఒక పంక్తిని కూర్చుండి భుజించుటవలన అంటదు. కావున ఈ వ్యాధి గలవారిని వేరుగ కూర్చుండబెట్టుట అన్యాయము. పెద్దవారికి అంటినచో నూటికి 95 మందికి వదలిపోవును. అప్పుడే పుట్టిన బిడ్డకు అంటినచో నూటికి 90 మందిలో నిలిచిపోవును.

ఈ భేదమేల? ఈ వైరసు తానై కాలేయకణమును చంపదు, అందులో కాపురముండును. దానిని పట్టవచ్చిన మన రక్తములోని రక్షకకణములు, ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టినట్లు, ఆ కాలేయకణమునే చంపివేయును. పెద్దవానిలో ఈ దహనము ఒక్కమారు బలముగ జరిగి వైరసు అణగును. శిశువు దేహము దానిని పరాయిదని గుర్తింపదు. ఏండ్లు గడచిన పిదప గుర్తించి కొంచెము కొంచెముగ తగులబెట్టుచుండును. చచ్చిన కణముల చోట మచ్చ కట్టును, క్రొత్త కణములు పుట్టును. 20, 30 ఏండ్లు ఇట్లు జరుగగా కాలేయము గట్టిపడును. మాటిమాటికి పుట్టు కణములలో తప్పులు చేరును. వైరసు తన జన్యువు ముక్కను మన జన్యువులలో దూర్చును. కొందరిలో ఇది క్యాన్సరుగా పరిణమించును.

ఇక మన కుప్పకు వత్తము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినవి. వాటి మేతలోని వేరుసెనగ చెక్కపై పెరిగిన బూజు విషము కారణమని తరువాత తేలెను. ఆ విషమునకు అఫ్లటాక్సిను అని పేరు. కణము హద్దుమీరి పెరుగకుండ పగ్గము పట్టు జన్యువొకటి మన దేహమున గలదు. ఈ విషము ఆ పగ్గమునే చెరచును. షాంఘై నగరమున 18,000 మంది పురుషులను గమనించి 1994లో ప్రకటించిన లెక్క యిది: విషము మాత్రమే సోకినవారికి కాలేయపు క్యాన్సరు భయము 3 రెట్లు, బీ వైరసు మాత్రమే గలవారికి 7 రెట్లు, రెండును గలవారికి దాదాపు 60 రెట్లు. మూడును ఏడును పది గదా! లెక్క తెలిసిన రైతు ఈ 60 దగ్గర కొంచెమాగి యాలోచింపవలెను.

వేయించినను ఉడికించినను ఈ విషము పూర్తిగ పోదు. గానుగనూనెలో కొంత, చెక్కలో అధికముగ నిలుచును. చెక్క తిన్న గేదె పాలలోనికిని దిగును. యూరపు దేశములవారు తాము తిను వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించనీయరు. మనము పొరుగువారికి ఏరిన గింజ పంపి, మన బిడ్డకు ఏరివేసిన గింజ పెట్టుచున్నాము.

పంట చివర బెట్ట తగిలినను, కోసిన పిదప వాన తడిపినను బూజు చేరును. వానను ఆపలేము. కాని కాయలు పైకి వచ్చునట్లు మొక్కలను తిరగవేసి, ఊపిన గింజ గలగలలాడువరకు ఎండబెట్టుట, బస్తాలను నేలపై గాక చెక్కలపై నుంచుట మన చేతిలోని పనులు. వలుచుటకు సుళువని కాయపై నీళ్ళు చల్లు అలవాటును నేను ఎన్నడును సమర్థింపలేను.

వైరసు మాటకు వచ్చినచో మన జిల్లాకు గర్వకారణమైన సంగతి యొకటి గలదు. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెమున పుట్టిన వరప్రసాదరెడ్డిగారు 1993లో హైదరాబాదున తల్లి పేర శాంతా బయోటెక్నిక్సు సంస్థను స్థాపించిరి. వైరసు పైతొడుగును మాత్రము ఈస్టు కణములలో పండించి తయారుచేసిన టీకాను ఆ సంస్థ 1997లో వెలువరించెను. అంతకుముందు విదేశపు టీకా ఒక్క మోతాదు వందల రూపాయలు పలికెడిది. ఇది 50 రూపాయల ప్రాంతమునకు దొరకెను. నేడు శిశువులకు ప్రభుత్వమే ఉచితముగ వేయుచున్నది: పుట్టిన 24 గంటలలో ఒకటి, 6, 10, 14 వారములకు తక్కినవి. తైవాను దేశమున 1984లో మొదలిడిన శిశుటీకాలవలన పిల్లలలో కాలేయపు క్యాన్సరు సగమునకు తగ్గెను. అట్టి టీకాను, పసికందునకు మొదటిదినమే సూదియేమని మన పెద్దలు వాయిదా వేయించుట చూచితిని. తల్లివద్దనున్న వైరసు వాయిదా వేయదు.

పెద్దవారు రక్తపరీక్ష చేయించుకొనవలెను. 2018 నుండి ప్రభుత్వ పథకము క్రింద పరీక్షయు మందులును ఉచితము. ఈ వైరసు జాడ కనుగొని 1976లో నోబెలు బహుమతి పొందిన బ్లూంబర్గు పండితుడు మద్రాసు పరిశోధకులతో కలిసి మన గట్లపై మొలచు నేలయుసిరిని సైతము పరీక్షించెను. 1988లో వెలువడిన ఫలితము ఆశ గొల్పినది గాని పిదప జరిగిన పరీక్షలలో నిలువలేదు. నాకు తెలిసిన యొక రైతు రెండేండ్లు పసరు త్రాగి, పొట్టలో నీరు చేరిన పిదప ఆసుపత్రికి పోయెను. అప్పటికి చేయగలిగినది మిగులలేదు.

సంఘము ఏమి చేయవలెనని అడుగుదురు. కళ్ళముల కొరకు పట్టలను, తేమ కొలుచు యంత్రమునొకదానిని కొనవలెను. ఏరివేసిన కాయకు బస్తాకింతయని స్వల్పపు వెలయిచ్చి తీసికొని ఎరువుకుప్పకు చేర్చవలెను. నష్టమనువారు గలరు. వెల రానిదే ఆ కుప్ప వంటయిల్లు వదలదని నా యనుభవము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ రెండు తీర్మానములను నేను ప్రతిపాదించెదను. బలపరచుటకు ఒక్కరైనను లేవవలెనని కోరుచున్నాను.