రక్తపోటు చూస్తున్నాం, మనసును అడుగుతున్నామా?

గర్భిణి వైద్యపరీక్షకు వస్తే ఏమేమి చూస్తాం? బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, మూత్రంలో చక్కెర, శిశువు గుండె చప్పుడు. ఇవన్నీ శ్రద్ధగా కార్డులో నమోదవుతాయి. "మనసు ఎలా ఉందమ్మా?" అని అడిగే తీరిక మాత్రం చాలాచోట్ల ఎవరికీ ఉండదు. ఉద్యోగ జీవితంలో చాలాకాలం నేనూ అడగలేదు. అది నా పొరపాటే.

గర్భధారణ సంతోష సమయమని మన నమ్మకం. సీమంతం, గాజులు, ఇంటినిండా బంధువులు ఉండగా దిగులెందుకని అందరూ అనుకుంటారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వర్ధమాన దేశాలలో గర్భిణులలో 15.6 శాతం, ప్రసవానంతరం 19.8 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారు. అంటే సుమారు ఆరుగురు గర్భిణులలో ఒకరు.

ఈ జబ్బు కంటపడకపోవడానికి ఒక కారణం ఉంది. అలసట, నిద్రలేమి, ఆకలి మారడం గర్భంలో సహజమే కనుక "వేవిళ్ళు కదా" అని సరిపెట్టుకుంటాం. అయితే రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, దేనిలోనూ ఆనందం లేకపోవడం, తాను పనికిరానిదాన్నని కుమిలిపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు రావడం వేవిళ్ళు కావు.

చికిత్స అందని కుంగుబాటు ఉన్న తల్లులలో 37 వారాలు నిండకముందే ప్రసవం కావడం, బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. దిగులులో ఉన్న స్త్రీ సరిగా తినదు, నిద్రపోదు, ఐరన్ మాత్రలు మరచిపోతుంది, పరీక్షలకు రాదు. ఒత్తిడి వేళ పెరిగే కార్టిసాల్ వంటి హార్మోన్ల పాత్ర కూడా ఉండవచ్చు. నెలలు నిండని శిశువుకు శ్వాస తీసుకోవడం, ఒంటి వెచ్చదనం నిలుపుకోవడం, పాలు చప్పరించడం అన్నీ కష్టమే. తల్లి కుంగుబాటు ప్రసవం తరువాత కూడా కొనసాగితే పాలివ్వడం, బిడ్డతో అనుబంధం ఏర్పడడం దెబ్బతినవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీనిని చదివి "నీ ఏడుపు వల్లే బిడ్డకు ఇలా అయింది" అని ఏ తల్లినీ నిందించకండి. పేదరికం, రక్తహీనత, గృహహింస కూడా ఈ ఫలితాలకు దోహదం చేస్తాయి. కుంగుబాటు ఉన్నవారిలో ఎందరో ఆరోగ్యవంతమైన బిడ్డలనే కంటారు. ఇది తల్లి తప్పు కాదు, వైద్యం ఉన్న జబ్బు.

తీవ్రత తక్కువైతే కౌన్సెలింగ్, కుటుంబం ఆసరా చాలావరకు సరిపోతాయి. ఎక్కువైతే మందులు అవసరం కావచ్చు. మందు బిడ్డకు హాని చేస్తుందన్న భయంతో, వాడుతున్న మాత్రలను సొంతంగా ఆపేయకండి. వాటిలో గర్భిణులు వైద్య పర్యవేక్షణలో వాడదగినవి ఉన్నాయి, వాల్‌ప్రోయేట్ వంటి తప్పక మానవలసినవీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చవలసింది వైద్యుడే. జబ్బును వదిలేయడం కూడా ప్రమాదమేనని మరువకండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రతి గర్భిణీ పరీక్షలోనూ రక్తపోటుతో పాటు రెండు ప్రశ్నలు తప్పనిసరి కావాలి: "గత నెలలో తరచు దిగులుగా, నిరాశగా అనిపించిందా? పనులలో ఆసక్తి, ఆనందం తగ్గాయా?" వీటికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. అత్తగారి ముందు కాక, ఏకాంతంగా అడిగితే చాలు. ఏ ఒక్కదానికి "అవును" అన్నా, 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళి వంటి పది ప్రశ్నల పరీక్ష చేయవచ్చు.

వైద్యులు అడిగేదాకా మీరు ఆగకండి. భర్త, అత్త, అమ్మ ఎవరైనా సరే, ఈరోజే ఆమె పక్కన కూర్చుని అడగండి. ఓదార్పు మాటలకు తొందరపడకుండా వినండి. సాయం కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలన్న మాట వినిపిస్తే మాత్రం ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.