ఫ్లాట్లకు మారిన మనవాళ్లు, పక్క తలుపు తెలుగువాళ్లు



పెరంబూరు, చూళై, పురసవాకం, చాకలిపేట వీధుల్లో తరతరాలుగా ఉన్న మన కుటుంబాలు ఒక్కొక్కటిగా ఫ్లాట్లకు వెళ్లిపోతున్నాయి. పాత ఇల్లు అన్నదమ్ములు పంచుకోవడం, పిల్లల ఉద్యోగాలు, మేడ మెట్లు ఎక్కలేని వయసు... కారణాలు అందరికీ తెలిసినవే. ఒకరు తాంబరం పక్క, ఒకరు పోరూరు, ఒకరు ఓఎంఆర్‌లో నావలూరు. పాలు కాచే రోజున అందరం పోయి భోంచేసి వస్తాం. ఆ తర్వాత వాళ్లు సంఘం సమావేశాలకు కనిపించరు. నావలూరు నుంచి బస్సూ రైలూ మారి పెరంబూరు వచ్చి పోవాలంటే రోజంతా దానికే సరిపోతుంది. వాళ్లకు సంఘం మీద ప్రేమ తగ్గిందని మనలో కొందరు అంటున్నారు. ఆ మాట మేము ఒప్పుకోము.

పాత వీధిలో తెలుగు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కుళాయి దగ్గర, పాల బూత్ దగ్గర, రైల్వే క్వార్టర్స్ మెట్ల మీద అదే వినబడేది. మా తరంలో చాలామందిమి బడిలో 11 ఏళ్లూ తమిళంలోనే చదివాం, అయినా వీధి వల్ల తెలుగు నిలిచింది. ఫ్లాట్‌లో ఆ వీధి లేదు. తలుపు వేస్తే ఎవరిల్లు వాళ్లది. 2006 చట్టం వచ్చాక బడుల్లో 1వ తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. అది రావాల్సిందే, ఈ ఊళ్లో బతికేవాడికి తమిళం రాకపోతే ఎలా? కాని మనవడికి తెలుగు వినబడేది ఇక ఇంట్లో మాత్రమే, అదీ తాతా అవ్వా మాట్లాడితేనే.

అదే కాంప్లెక్స్‌లో ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ ఐటీ ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు కాపురం ఉంటున్నారు. షోలింగనల్లూరు, నావలూరు, సిరుసేరి వైపు లిఫ్ట్‌లో నిలబడితే తెలుగు చెవిన పడుతుంది. మనం తెలుగువాళ్లమని వాళ్లకు తెలియదు. చెప్పడానికి మనవాళ్లలో కొందరికి జంకు. నోరు విప్పితే 'అంకుల్, మీది తెలుగేనా?' అని నవ్వుతారని. నవ్వుతారు, నిజమే. 'అవసరంగా పోవాలి' అని మనం తొందరలో అంటాం. తమిళంలో అవసరం అంటే తొందరే కదా, మన నోట్లో ఆ అర్థం నిలిచిపోయింది. వాళ్లకేమో ఏదో అక్కర ఉండి పోతున్నామని వినబడుతుంది. ఇది మదరాసు తెలుగు. నవ్వితే నవ్వనీ, మాట మాత్రం ఆపకూడదు.

వచ్చిన కొత్తలో ఆ పిల్లల అవస్థ చూడండి. వాళ్ల ఊళ్లో కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. ఇక్కడ రెండు నెలలకొకసారి రీడింగ్, మొదటి 100 యూనిట్లకు డబ్బు లేదు, ఆ పైన వాడేకొద్దీ రేటు ఎక్కుతుంది. ఇది తెలియక మొదటి బిల్లు చూసి బెదిరిపోతారు. ఇల్లు కొందామంటే వకీలు 'విల్లంగం తీసుకురండి' అంటాడు, ఈసీ అని చెప్పేదాకా వాళ్లకు బోధపడదు. ఓఎంఆర్‌లో చాలా కాంప్లెక్సులకు నీళ్లు లారీలోనే రావాలి. ఎండాకాలంలో మెయింటెనెన్స్ పెంచుతామంటే మీటింగులో తమిళంలో పెద్ద గొడవ జరుగుతుంది, వీళ్లు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. అన్నిటికన్నా పెద్ద విషయం, 2015 డిసెంబర్‌లో ఆ వీధిలోకి నీళ్లు ఎంతదాకా వచ్చాయన్నది. ముడిచూరు, వేళచ్చేరి వైపు ఇల్లు చూసేవాళ్లు దీన్ని బిల్డర్‌ను అడిగి లాభం లేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టులో, ఇస్త్రీ బండి దగ్గర అడగాలి, తమిళంలో అడగాలి. ఆ పని మనకు చిటికెలో పని.

మనకు రానిది వాళ్లకు వచ్చు. మనలో ఎంతోమందికి తెలుగు మాట ఉంది గాని అక్షరం లేదు, లేదంటే కూడబలుక్కుని చదువుతాం. పక్క ఫ్లాట్ అమ్మాయి తెలుగు బడిలో చదువుకుని వచ్చింది. ఆమె బిడ్డా మన మనవడూ ఆదివారం ఒక గంట కలిసి ఓనమాలు దిద్దుకుంటే హాలు అద్దె లేదు, చందా లేదు, భోజనం బల్ల చాలు. ఆమె ఇంటి ఈబీ, రేషన్, నీళ్ల లారీ సంగతి మనం చూసుకుందాం. ఉగాదికి పచ్చడి చిన్న కప్పుల్లో పోసి ఆ అంతస్తులో ప్రతి తలుపుకూ ఇచ్చి రండి. ఏప్రిల్ 14న తమిళవాళ్లూ వేపపూవు వేసి మామిడికాయ పచ్చడి చేస్తారు, వాళ్లకేమీ వింతగా ఉండదు. పొంగల్‌కూ కొలువుకూ ఓణం పూల ముగ్గుకూ డబ్బు తీసే ఫ్లాట్ అసోసియేషన్ ఉగాదికి తీయడం లేదంటే, చాలాచోట్ల ఎవరూ అడగకపోవడమే కారణం.

ఇంకొకటి ఉంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 42 లక్షలకు పైగా ఉన్నారు. ఈసారి లెక్కలవాళ్లు తలుపు తట్టినప్పుడు ఇంట్లో పిల్లవాడొక్కడే ఉంటే ఏమని చెబుతాడు? ఇప్పుడే పిలిచి అడిగి చూడండి.

సంఘానికి ఒక సూచన. శాలువాలు, ఫోటోలు, పెద్ద సభ ఏడాదికొకసారి చాలు. మిగతా నెలల్లో రైలు లైన్ల వారీగా సభ్యుల ఇళ్లలోనే కలుద్దాం. రైల్వేలో పని చేసినవాళ్లకు ఇలాగే తోస్తుంది మరి! అయినా 1931లో బీచ్, తాంబరం మధ్య కరెంటు రైలు నడిచినప్పటి నుంచి ఈ ఊరు పట్టాల వెంబడే పెరిగింది కదా. బీచ్ నుంచి చెంగల్పట్టు దాకా ఒక గుంపు, అరక్కోణం లైన్ ఒకటి, గుమ్మిడిపూండి లైన్ ఒకటి, వేళచ్చేరి ఒకటి. ఓఎంఆర్‌కు సబర్బన్ రైలు లేదు, వాళ్లకు వేరే గుంపు పెట్టాలి. సభ్యత్వ పుస్తకంలో ఇంకా పాత వీధుల పేర్లే ఉన్నాయి. ఇల్లు మారినవాళ్లు దయచేసి కొత్త చిరునామా, దగ్గరి స్టేషన్, ఆ కాంప్లెక్స్‌లో మీకు తెలిసిన తెలుగు ఇళ్లు ఎన్నో రాసి పంపండి. తాంబరం లైన్ జాబితా మేము రాస్తాం, మిగతా లైన్లకు ఒక్కొక్కరు ముందుకు రావాలి.