చర్చ లేని ఆమోదం: ఆర్థిక బిల్లులపై ప్రతిపక్షాల అభ్యంతరంలో అసలు ప్రశ్న

న్యూఢిల్లీ: ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని తెచ్చే బిల్లును లోక్‌సభ 2025 ఆగస్టు 11న ఆమోదించింది. 536 సెక్షన్ల ఆ బిల్లుపై సభలో చర్చ జరగలేదు. బిహార్ ఓటర్ల జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణను నిరసిస్తూ ప్రతిపక్ష సభ్యులు నినాదాలు చేస్తుండగా, మూజువాణి ఓటుతో నిమిషాల్లోనే ప్రక్రియ ముగిసింది. మరునాడు రాజ్యసభ కూడా సమ్మతి తెలిపింది.

కీలకమైన ఆర్థిక బిల్లులను చర్చ లేకుండా ఆమోదింపజేసుకోవడం పార్లమెంటును నామమాత్రం చేయడమేనని ప్రతిపక్షాలు ఆక్షేపిస్తున్నాయి. చర్చకు తాము సిద్ధంగానే ఉన్నామనీ, సభను సాగనివ్వనిది ప్రతిపక్షమేననీ ప్రభుత్వం బదులిస్తోంది. రెండు వాదనల్లోనూ కొంత నిజముంది. అయితే చర్చకు ఎన్ని గంటలు కేటాయించారన్న లెక్కల మధ్య అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరుగున పడుతోంది. బిల్లు సభ ముందుకు వచ్చిన రోజుకూ, ఆమోదం పొందిన రోజుకూ మధ్య అందులో కొత్తగా చేరిన అంశాలను పరిశీలించినదెవరు?

నిబంధన ఏమంటోంది

చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ విధించరాదని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతోంది. వివిధ శాఖల వ్యయ పద్దులకు లోక్‌సభ ఆమోదం తప్పనిసరి అని 113వ అధికరణం నిర్దేశిస్తోంది. ఖజానాపై ప్రజాప్రతినిధుల అదుపునకు ఈ రెండే పునాదులు.

సభకు ఉన్న సమయం మాత్రం పరిమితం. అన్ని శాఖల పద్దులనూ చర్చించడం ఏ సమావేశంలోనూ సాధ్యం కాదు. అందుకే లోక్‌సభ నియమావళిలోని 208వ నిబంధన ఒక మార్గం చూపింది. కేటాయించిన రోజుల్లో చివరి రోజున, నిర్ణీత సమయానికి, మిగిలిన పద్దులన్నింటినీ స్పీకర్ ఒక్కసారిగా ఓటుకు పెడతారు. తల నరికే యంత్రం పేరుతో దీన్ని గిలెటిన్ అని పిలుస్తారు. ఈ పద్ధతి బ్రిటన్ కామన్స్ సభలో 1887లో, ఐర్లాండ్‌కు సంబంధించిన బిల్లును ఆ ప్రాంత సభ్యులు సుదీర్ఘంగా అడ్డుకున్న సందర్భంలో రూపుదిద్దుకుంది. అంటే, సభను స్తంభింపజేసే వ్యూహానికి విరుగుడుగానే ఇది పుట్టింది. కాబట్టి గిలెటిన్ దానంతట అదే అక్రమం కాదు. ఒక్క పద్దునైనా చర్చించకుండా మొత్తం బడ్జెట్‌ను దానికి అప్పగించడమే అసలు సమస్య.

పాత్రలు మారినా తీరు మారలేదు

ఈ ధోరణి ఏ ఒక్క పార్టీకో పరిమితం కాదు. యూపీఏ హయాంలో 2013 ఏప్రిల్ 30న ఆర్థిక బిల్లు చర్చ లేకుండానే లోక్‌సభలో గట్టెక్కింది. బొగ్గు గనుల కేటాయింపుల వ్యవహారంపై అప్పట్లో నిరసన తెలుపుతూ సభ నుంచి వెళ్లిపోయింది బీజేపీ.

అయిదేళ్ల తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. 2018 మార్చి 14న పద్దులు, ద్రవ్య వినిమయ బిల్లు, ఆర్థిక బిల్లు చర్చ లేకుండా అరగంటలోపే ఆమోదం పొందాయి. పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంపై కాంగ్రెస్, ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదాపై తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, రిజర్వేషన్ల పెంపు అధికారం కోసం టీఆర్ఎస్ సభ్యులు ఆ రోజుల్లో సభలో నిరసన తెలుపుతున్నారు. కొద్ది రోజులకే తెలుగు పార్టీలు ఇచ్చిన అవిశ్వాస తీర్మానం నోటీసులను, సభ అదుపులో లేనందున మద్దతుదారులను లెక్కించడం సాధ్యం కాదంటూ చేపట్టలేదు. ఆర్థిక బిల్లు ఆమోదానికి అడ్డురాని గందరగోళమే అవిశ్వాస తీర్మానానికి అడ్డయింది.

2018 నాటి ఆ బిల్లులోనే విదేశీ విరాళాల నియంత్రణకు సంబంధించిన ఒక సవరణ ఉంది. 2016లో విదేశీ సంస్థల నిర్వచనానికి ఇచ్చిన సడలింపును అది 1976 నుంచే వర్తింపజేసింది. ఈ చట్టాన్ని కాంగ్రెస్, బీజేపీ రెండూ ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చి ఉంది. ఆ సవరణతో రెండు పార్టీలకూ ఊరట లభించింది. అధికార, ప్రతిపక్షాల ప్రయోజనం ఒకటైన చోట చర్చ కొరవడితే, పౌరుని పక్షాన ప్రశ్నించేవారే ఉండరు.

వారం రోజుల గడువు

చర్చ లేకపోతే ఏం పోతుందో 2023 మార్చి స్పష్టంగా చూపింది. అదానీ వ్యవహారంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం కోసం ప్రతిపక్షాలు, లండన్ వ్యాఖ్యలపై రాహుల్ గాంధీ క్షమాపణ కోసం అధికారపక్షం పట్టుబట్టాయి. ఆ ప్రతిష్టంభన మధ్య మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల రూపాయల వ్యయ ప్రణాళికకు లోక్‌సభ చర్చ లేకుండా ఆమోదం తెలిపింది. మరునాడు 64 సవరణలతో ఆర్థిక బిల్లు కూడా అదే రీతిలో గట్టెక్కింది.

ఆ సవరణల్లో ఒకటి డెట్ మ్యూచువల్ ఫండ్లకు సంబంధించినది. దేశీయ కంపెనీల షేర్లలో 35 శాతానికి మించి పెట్టుబడి లేని ఫండ్లపై వచ్చే లాభాన్ని, ఎంతకాలం ఉంచుకున్నా స్వల్పకాలిక లాభంగానే పరిగణించాలని అది నిర్దేశించింది. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుని పన్ను తగ్గించే వెసులుబాటు దానితో పోయింది. ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన బిల్లులో ఈ ప్రతిపాదన లేదు. మార్చి 24న సభ ఆమోదించిన నిబంధన ఏప్రిల్ 1 నుంచి చేసే పెట్టుబడులకు వర్తించింది. పొదుపరులకు దక్కిన వ్యవధి వారం రోజులు. బ్యాంకు డిపాజిట్లకూ ఈ ఫండ్లకూ పన్ను విషయంలో సమానత్వం ఉండాలన్న వాదనలో సమంజసత్వం ఉండవచ్చు. కానీ ఆ వాదనను సభలో ఎవరూ వినిపించలేదు, ఎవరూ ప్రశ్నించలేదు.

అదే బిల్లులో సెక్యూరిటీల లావాదేవీల పన్ను రేటు విషయంలో పొరపాటు దొర్లింది. దాన్ని మార్చి 27న రాజ్యసభలో సవరణ ద్వారా సరిదిద్ది, లోక్‌సభ ఆమోదాన్ని మళ్లీ తీసుకోవలసి వచ్చింది. రెండో సభ పరిశీలన వృథా ప్రయాస కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

అయినా ద్రవ్య బిల్లుల విషయంలో రాజ్యసభ అధికారం స్వల్పమే. 14 రోజుల్లోగా సిఫార్సులు చేయడం వరకే దాని పాత్ర. వాటిని స్వీకరించడమా, తోసిపుచ్చడమా అన్నది లోక్‌సభ ఇష్టం. 2017లో ఆర్థిక బిల్లుకు రాజ్యసభ సూచించిన అయిదు సవరణలనూ లోక్‌సభ తిరస్కరించింది. ట్రైబ్యునళ్ల పునర్వ్యవస్థీకరణ, ఎన్నికల బాండ్లు, కంపెనీల విరాళాలపై పరిమితి ఎత్తివేత ఆ బిల్లు ద్వారానే చట్టరూపం దాల్చాయి. ట్రైబ్యునళ్ల నియమాలను సుప్రీంకోర్టు 2019 నవంబరులో కొట్టివేసి, ద్రవ్య బిల్లు ముద్ర సక్రమమా అన్న ప్రశ్నను ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్నీ, విరాళాలపై పరిమితి ఎత్తివేతనూ రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. సభ అడగవలసిన ప్రశ్నలను ఏడేళ్ల తర్వాత న్యాయస్థానం అడిగింది.

దిద్దుబాటుకు దారి

ఆదాయపు పన్ను బిల్లు విషయంలో ఒక మెరుగైన అంశాన్ని గుర్తించాలి. 31 మంది సభ్యుల సెలెక్ట్ కమిటీ దాన్ని నెలల తరబడి పరిశీలించి 285 సిఫార్సులు చేసింది. పాత ముసాయిదాను ఉపసంహరించి, సవరించిన బిల్లును ప్రభుత్వం తెచ్చింది. సభలో లోపించిన పరిశీలన కొంతమేరకు కమిటీ గదిలో జరిగింది. ఏటా వచ్చే ఆర్థిక బిల్లుకు ఆ రక్షణ కూడా ఉండదు. ఆనవాయితీగా అది స్థాయీ సంఘానికి వెళ్లదు. సభా వేదికే దానికి మొదటి, చివరి పరీక్ష.

అందువల్ల ప్రతిపక్షాల డిమాండ్ అదనపు గంటల దగ్గర ఆగితే ఫలితం ఉండదు. ప్రభుత్వ సవరణలను ఓటింగ్‌కు కనీసం కొన్ని రోజుల ముందు వివరణతో సహా సభ్యులకు అందించాలి. పన్నులతో సంబంధం లేని చట్టాల మార్పులను ఆర్థిక బిల్లులో చేర్చరాదు. గిలెటిన్‌కు ముందు కొన్ని ప్రధాన శాఖల పద్దులనైనా తప్పక చర్చించాలి. వీటికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు, సభా నియమాలు, సంప్రదాయాలు మారితే చాలు.

మరోవైపు ప్రతిపక్షాలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న కూడా ఉంది. వెల్‌లో నినాదాలు ఎంత న్యాయమైనవైనా, బడ్జెట్ రోజున అవి ప్రభుత్వానికి జవాబుదారీతనం నుంచి తప్పించుకునే వీలు కల్పిస్తున్నాయి. మైకు ముందు అడగని ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పనవసరం లేదు. ఆ జవాబు కోసం పౌరుడు తర్వాత పన్ను నోటీసులోనో, కోర్టు తీర్పులోనో వెతుక్కోవలసి వస్తోంది.